కండక్టరమ్మకు గొంతు పోయినప్పుడు

ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయినా ఆమెను అందరూ కండక్టరమ్మ అనే పిలిచేవారు. సంచీ, ఈల ఎప్పుడో డిపోలో అప్పజెప్పేసింది గానీ గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి ఆమె "ముందుకి జరగండి" అంటే, డ్రైవరు కూడా తన సీట్లో కాస్త ముందుకి జరిగేవాడని తోటివాళ్లు చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆ ఉద్యోగంలోనే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. బస్సు నెత్తిన అంత పెద్ద బోర్డు ఉన్నా, ఇది ఎటు పోతుందని అడిగేవాళ్లు రోజూ తగిలేవారు. కళ్లజోడు మరిచిపోయామనేవారు, ఎండ కళ్లలో పడుతోందనేవారు. ముసురు పట్టిన రోజున కూడా ఎండే వంక. మొదట్లో విసుక్కునేది. అసలు సంగతి అర్థమయ్యాక, ఎవరూ అడగకముందే బస్సు వెళ్లే చోటు గట్టిగా కేకేసి చెప్పడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులతో ముందుగానే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చునేసరికి ఆమెకు ఏమీ తోచలేదు. లాండ్రీ పైన ఖాళీగా ఉన్న గదిని అడిగి పుచ్చుకుని, సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి పైకొచ్చి గది వెచ్చగా ఉండేది. చలికాలంలో చదువు మీద పెద్దగా ఆశ లేనివాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. కూర్చున్నవాళ్లను ఆమె ఊరికే వదిలేది కాదు.

ఇలాంటి గదులే ఊళ్లో అక్కడక్కడా ఇంకొన్ని ఉన్నాయని మెల్లగా తెలిసింది. సెలూన్ వెనక గదిలో మందుల షాపాయన చెబుతున్నాడు. టెలిఫోన్ ఆపరేటర్‌గా రిటైరైన ఒకావిడ డిపో విశ్రాంతి గదిలో చెబుతోంది. ఎవరికీ జీతం లేదు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ఒకచోట వాచకాలు అటక మీద మగ్గుతుంటే, ఇంకోచోట నలుగురు ఒకే పుస్తకం మీదికి వంగి చదువుకుంటున్నారు. వీళ్లందరినీ వెతికి పట్టుకుని లాండ్రీ పైన గదిలో కూర్చోబెట్టింది కండక్టరమ్మే. అందరూ కలిసి ఒక సంఘంగా ఉందామనుకున్నారు. అధ్యక్షులు ఎవరన్న మాట వచ్చేసరికి ఆమె టీ పురమాయించడానికి కిందికి వెళ్లింది. కప్పులతో పైకి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. టీకే ఇంత సంబరమా అనుకుంది. తననే ఎన్నుకున్నారని ఒప్పించేసరికి టీ చల్లారిపోయింది.

ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం ఆమె ఒళ్లు దాచుకోలేదు. ఈ కేంద్రానికి బల్లలు, ఆ కేంద్రానికి దీపాలు అంటూ ఊరంతా తిరిగింది. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక మూల ఇమ్మని అక్కడి పెద్ద డాక్టరుతో వాదించి, ఆయన తల పట్టుకునేదాకా వదలకుండా సాధించింది. కొత్త కేంద్రం తెరిచినప్పుడల్లా మొదటి మాట ఆమెదే, చివరి మాటా ఆమెదే. చిక్కల్లా ఏమిటంటే, మధ్యలో మాటలు కూడా ఆమెవే. సమావేశంలో ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, వాళ్లు ఏం అనబోతున్నారో తనే చెప్పి, దానికి జవాబూ తనే చెప్పి, ఇక తేలిపోయింది కదా అని తర్వాతి సంగతికి వెళ్లిపోయేది. అందరూ తలలూపేవారు. ఆ తలలూపిన వాళ్లలోనే ఏడాదికి కొందరు చొప్పున జారుకునేవారు. ఒకరికి ఇంట్లో పని, ఇంకొకరికి నడుం నొప్పి. ఇంత మంచి పనిని వదిలి ఎలా పోతారో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఇంట్లో ఒక మనిషి ఆమె పాఠానికి ఎప్పుడూ దొరకలేదు. భర్త. ఆయన మోటారు మెకానిక్. చదువు రాదు. లాండ్రీ పైన గది తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం తనంతట తనే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పలక మీద 'అమ్మ' అని రాస్తూ ఒత్తును కింద కాకుండా పక్కన పెట్టాడు. గదికి ఆ చివర నుంచి ఆమె, బస్సులో కేకేసినట్టే, ఒత్తు కిందండీ, కింద అంది. గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. షెడ్డులో ఇంజిను విప్పి వచ్చానని గొణిగి ఆయన లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. ఇంటికొచ్చే కాగితాలన్నీ ఆమే చదివి చెప్పేది, ఆయన వినేవాడు. కాపురం అలా సాఫీగానే సాగిపోయింది.

అలాంటి గొంతు ఒక వానాకాలంలో బొంగురుపోయింది. ఉప్పునీళ్లు పుక్కిలించినా, ఆవిరి పట్టినా లొంగలేదు. డాక్టరమ్మ గొంతులోకి దీపం వేసి చూసి, స్వరపేటిక మీద చిన్న కాయలు లేచాయని, తీసేస్తే భయం లేదని చెప్పింది. చిన్న ఆపరేషనే. కానీ ఆ తర్వాత కొన్ని వారాలు నోట్లోంచి మాట రాకూడదట. పోనీ గుసగుసగా చెప్పుకోవచ్చా అని బొంగురు గొంతుతోనే అడిగింది కండక్టరమ్మ.

"గుసగుస ఇంకా చెడ్డదమ్మా. అసలు మాటే వద్దు. ఇన్నాళ్లూ మీరు మాట్లాడారు కదా, ఇప్పుడు కొన్నాళ్లు వాళ్లను మాట్లాడనివ్వండి" అంది డాక్టరమ్మ. ఆవిడ ఎవరిని ఉద్దేశించి అందో గానీ, తోడొచ్చిన భర్త గోడ వైపు తిరిగి మీసం సవరించుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక పలకా బలపం పట్టుకుని ఇంటికొచ్చింది. పలకతో ఉన్న చిక్కేమిటో మొదటి ఉదయమే తెలిసొచ్చింది. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది, ఆయన స్టవ్ పక్కన నిలబడి ఉన్నాడు. పాలు పొంగుతున్నాయి అని గబగబా రాసి పలక పైకెత్తి చూపించింది. ఆయన శ్రద్ధగా చూసి, "సరేలే, అలాగే చేద్దాం" అన్నాడు. ఆమె బలపంతో పలక మీద టకటకా కొట్టింది. ఆయన ఇంకా శ్రద్ధగా తలూపాడు. ఈలోపు పాలు పొంగి, స్టవ్ ఆర్పేసి, గట్టు మీంచి కారి ఆయన చెప్పుల్లోకి వెళ్లాయి. ఇద్దరూ కాసేపు నేల వైపు చూశారు. ముందు ఆమె భుజాలు కదిలాయి, చప్పుడు లేకుండా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కానీ గుడ్డ తెచ్చి తుడుస్తున్నంతసేపూ తలెత్తలేదు.

ఆ వారాల్లోనే సంఘం సమావేశం వచ్చింది. చెప్పేవాళ్లతో పాటు నేర్చుకునేవాళ్లు కూడా వచ్చే సమావేశం అది. మానుకోమంటే కండక్టరమ్మ వినలేదు. తను రాస్తుంది, మందుల షాపాయన చదివి వినిపిస్తాడు, అంతే అనుకున్నారు. తీరా చూస్తే ఆయన కళ్లజోడు షాపు కౌంటరు మీద మరిచిపోయి వచ్చాడు. ఈయన విషయంలో అది వంక కాదు, నిజం. చెయ్యి చాచి పలకను దూరంగా పెట్టి చూసినా లాభం లేక పక్కనున్నావిడకు అందించాడు. ఆవిడ ఆసుపత్రిలో వార్డులు తుడిచే మనిషి. అందరూ వార్డు పిన్ని అంటారు. క్యాంటీన్ మూలలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదే గానీ, నలుగురిలో ఎప్పుడూ చదివి ఎరగదు.

పిన్ని పలకను ఒళ్లో పెట్టుకుని, వేలితో ఒక్కొక్క అక్షరం నొక్కుకుంటూ చదివింది. ఆసుపత్రి కేంద్రానికి ఎవరూ రావడం లేదు, మూసేద్దాం అని రాసి ఉంది. చదవడం ముగించాక గానీ దాని అర్థం ఆవిడకు తగల్లేదు. పలక వైపు, కండక్టరమ్మ వైపు మార్చి మార్చి చూసింది.

"మేం రావాలని లేక కాదమ్మా. క్లాసు పెట్టే టైముకే మాకు డ్యూటీ మారుతుంది. ఒక గంట వెనక్కి జరిపితే అందరం వస్తాం. ఈ మాట చెప్పాలని మీ దగ్గరికి ఇంతకుముందు కూడా వచ్చాను. మీరు మాట్లాడుతున్నారు."

కండక్టరమ్మ నోరు తెరిచింది. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ మొహం గుర్తొచ్చి నోరు మూసుకుని, పలక లాక్కుని రాయడం మొదలుపెట్టింది. రాయడం అయ్యేసరికి మాట పిన్నిని దాటి దర్జీ పని చేసే ఆవిడ దగ్గరికి, అక్కడి నుంచి డిపో డ్రైవరు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ జవాబుకి పని లేకపోయింది. చెరిపి ఇంకోటి రాసింది. దానికీ అదే గతి. చివరికి పలకను ఒళ్లో బోర్లించుకుని కూర్చుంది.

అప్పుడు టెలిఫోన్ ఆపరేటరమ్మ నోరు విప్పింది. "నాకూ మానేద్దామనిపించిందమ్మా. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అవతలివాళ్ల మాటలు వినడమే నా పని. మానేశాక ఇక్కడికొస్తే ఇక్కడా అదే పని పడింది."

అందరూ గొల్లుమన్నారు. కండక్టరమ్మ కూడా నవ్వింది గానీ కళ్లు మండాయి. ఆ రోజు ఆసుపత్రి తరగతి వేళ మారింది. నేర్చుకునేవాళ్లలో ఇద్దరు కమిటీలో ఉండాలని తీర్మానమైంది. ఆమె ప్రమేయం లేకుండా జరిగిన మొదటి తీర్మానం అది. ఇంటికెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఇంతమందికి ఇంత కష్టం పెట్టానా అని ఒక పక్క, ఇంత చేస్తే ఇదా నాకు దక్కింది అని ఇంకో పక్క, రెండూ కలిసి ఆమెను రెండు రోజులు తిననివ్వలేదు.

మూడో రోజుకి ఉక్రోషం చల్లారింది. కూర్చుని చేసేదేముంది, ఒక్కొక్క కేంద్రానికీ వెళ్లి వెనక బెంచీలో కూర్చుని చూసి వద్దామని బయల్దేరింది. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని అది. వెళితే ముందు నిలబడటమే ఆమెకు తెలుసు. డిపోలో ఒక క్లీనరు 'ప్రయాణికులు' అన్న మాట రాసి, తన రాత తనే చూసుకుని మురిసిపోవడం చూసింది. అది చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియలేదు.

ఈ మధ్య భర్త సాయంత్రాలు ఇంటిపట్టున ఉండటం లేదు. షెడ్డులో పని ఎక్కువగా ఉందంటున్నాడు. పలకకు భయపడి పారిపోతున్నాడని ఆమె అనుకుంది. ఒకరోజు సెలూన్‌కి వెళ్లింది. ముందు గదిలో ఒకాయనకు గడ్డం గీస్తున్నారు. గోడకున్న పెద్ద అద్దంలో వెనక గది కనబడుతోంది. బెంచీ మీద ముగ్గురు. మధ్యలో ఆయన.

పేపరు మడిచి పట్టుకుని పెద్దక్షరాల వరస చదువుతున్నాడు. ఒక మాట దగ్గర తప్పు పలికాడు. కండక్టరమ్మ సరిదిద్దడానికి నోరు తెరవబోయి పెదాలు బిగించింది. మందుల షాపాయన ఏమీ అనలేదు. గోళ్లు చూసుకుంటూ ఊరుకున్నాడు. భర్త ఆ మాటను మళ్లీ కూడబలుక్కున్నాడు, మళ్లీ తప్పాడు, కాసేపు దాన్నే చూసి మూడోసారి సరిగ్గా పలికాడు. షాపాయన అప్పుడు తలెత్తి, తర్వాతిది చదవమన్నాడు. అంతే. లోపలికి రమ్మని సెలూన్ ఓనరు కుర్చీ చూపిస్తే, ఆమె పెదాల మీద వేలు పెట్టి ఊరుకోమని, వెనక్కి తిరిగి వీధిలోకి వచ్చేసింది. కాసేపు ఎటు వెళ్లాలో తోచక వచ్చిన దారినే నడిచింది.

ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. పలక మీద ఒక్క మాట రాసి, ఎత్తి చూపించకుండా, ఆయన వైపు మెల్లగా జరిపింది. ఆయన చేతులు తుడుచుకుని వంగాడు.

"తి... న్నా... రా." కూడబలుక్కుని చదివి, "ఇంకా లేదు. నువ్వు?" అన్నాడు.

ఆమె లేదని తలూపింది. తలూపుతూంటే కళ్లు నిండాయి. ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"అద్దంలో నువ్వు నాకూ కనబడ్డావు. లోపలికి వచ్చేస్తావేమోనని హడలిపోయాను. రాలేదు. అందుకే రేపు మళ్లీ వెళ్తాను."

ఆమె లేచి రెండు కంచాలు పెట్టింది.

ఆ తర్వాత ఇంట్లో పలక వాడకం పెరిగింది. తలుపు వెయ్యండి, దీపం ఆర్పండి, మీ చొక్కా చిరిగింది. ఒక్కో మాటకు ఒక్కో పూట పట్టేది, ఇద్దరికీ తొందర లేదు. గడువు తీరాక డాక్టరమ్మ మళ్లీ దీపం వేసి చూసి ఇక మాట్లాడవచ్చంది. ఇంటికొచ్చి కండక్టరమ్మ మొదటిసారి నోరు విప్పి నీళ్లు అడిగింది. గొంతు సన్నగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుగా ఉంది. ఆయన నీళ్లిచ్చి, "ఇంకో వారం రాసే చూపించరాదూ? ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది" అన్నాడు. ఆమె రాసే చూపించింది.

తర్వాతి ఎన్నికల్లో ఆమె నిలబడనంది. కేంద్రాలకు వెళ్లి వెనక కూర్చుని, ఎవరికేం కావాలో విని వచ్చే పని ఇమ్మని అడిగింది. చాలామంది వద్దన్నారు, కొందరు మర్యాదకు వద్దన్నారు. అధ్యక్షురాలిగా వార్డు పిన్నిని ఎన్నుకున్నారు. పిన్ని మొదట తడబడింది. రెండో సమావేశానికి కుదురుకుంది. మూడోదానికి ఆసుపత్రి కేంద్రం ఎలా నిండిందో మొదలుపెట్టి, తన కోడలు ఎలా చేరింది, పక్క వార్డు ఆయా ఎలా చేరింది అంటూ ఎంతకీ ఆపలేదు. డిపో డ్రైవరు ఏదో చెప్పడానికి చెయ్యెత్తి, నొప్పి పుట్టి, ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. పక్కనున్న ఆపరేటరమ్మ కండక్టరమ్మ చెవి దగ్గరికి వంగి, "మీ శిష్యురాలే" అంది.

కండక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ లేచి, అందరికీ టీ చెప్పి వస్తానని కిందికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ డ్రైవరు భుజం తట్టి, పిన్నితో తన సన్నటి గొంతుతో, "పిన్నీ, ఇతను ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉన్నాడు" అని మాత్రం చెప్పింది.