ముందు మీరు కానివ్వండి

మొన్న బందరు బస్టాండు దగ్గర ఫోన్ల కొట్లో కొత్త ఫోను చూపిస్తున్నతను, ఇందులో ఎనిమిది కోర్లున్నాయండీ అని, ఎనిమిది ఎకరాల మాగాణి నా పేర రాసిస్తున్నంత గొప్పగా చెప్పాడు. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నొచ్చుకుంటాడేమోనని గబగబా ఫోను బాగుందని చెప్పి కొనేశాను గానీ, ఇంటికొచ్చే దారంతా ఆటోలో ఆ మాటే తలుచుకున్నాను. కోరు అంటే చిప్పులో ఉండే బుర్ర అనుకోండి. రెండు బుర్రలతోనే మాకు పట్టపగలు చుక్కలు కనిపించాయి. ఎనిమిదింటిని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లకు ఆ సంగతి చెప్పినా నమ్మరు. నా ఈడువాళ్లు మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

మా నాన్నగారు బందరులో బడిపంతులు. మా ఇంట్లో ఒకరు మాట్లాడుతుండగా రెండోవాళ్లు మధ్యలో అందుకోవడం మహాపరాధం. అన్నం తింటూ ఆవకాయ కావలసి వచ్చినా, అమ్మ నాన్నగారితో చెబుతున్న సంగతి పూర్తయ్యేదాకా ఉత్త ముద్దే కలుపుకుంటూ కూర్చోవలసిందే. ఆ పెంపకంతోనే ఎలక్ట్రానిక్స్ చదివాను, పెళ్లయ్యాక కూడా బందరు వదలకుండా రోజూ ప్యాసింజరు బండెక్కి గుడివాడలో ఒక చిన్న వర్క్‌షాపుకి ఉద్యోగానికి వెళ్లాను. దాని యజమానిని ఊరంతా మావయ్య గారనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టే కంట్రోలు పెట్టెలు తయారుచేసేవాళ్లం. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో కనిపెట్టి చూస్తూ, తగ్గితే ఏరియేటర్లను, అంటే నీటిని చిలికి గాలి కలిపే ఆ తెడ్ల చక్రాలను తిప్పడం ఆ పెట్టె పని. పెట్టె మావయ్య గారి చేతిపని, లోపలి ప్రోగ్రాము నాది.

మా పాత పెట్టెల్లో ఒకే కోరున్న చిప్పు ఉండేది. అది మా నాన్నగారింట్లో పిల్లలాంటిది. ఒక పని పూర్తయ్యేదాకా రెండో పని గుమ్మంలో నిలబడవలసిందే. ఇంట్లో కూర్చుని ఫోనులోంచి మెసేజీ పంపినా చక్రం తిరగాలని రైతులు అడగడం మొదలుపెట్టాక, ఆ పాత చిప్పు ఉక్కిరిబిక్కిరైపోయి, అటు ఫోను చూసుకోలేక ఇటు నీళ్లు చూసుకోలేక నీరసంగా పనిచేసేది. అందుకని మావయ్య గారు రెండు కోర్లున్న చిప్పు తెప్పించారు. ఒక కోరుకి నీళ్లూ, పెట్టె మీది మీటలూ అప్పగించి, రెండో కోరుకి ఫోను మెసేజీలు అప్పగించాను. పాత ప్రోగ్రామునే రెండు ముక్కలుగా పంచాను తప్ప, ఆ ఇద్దరికీ మధ్య ఏ మర్యాదలు కావాలో ఆలోచించలేదు. అంత బాగా పనిచేసిన ప్రోగ్రాము ఇల్లు మారినంత మాత్రాన చెడిపోతుందని ఎవరనుకుంటారు?

ఆ మొదటి కొత్త పెట్టెను తన చెరువు మీద పెట్టనిచ్చినవాడు బంటుమిల్లి అన్నయ్య. మాకు చుట్టం కాదు, నాన్నగారి దగ్గర చదువుకున్నవాడు, ఆ వరసన నాకు అన్నయ్య, అతని భార్య వదిన. వరి చేను తవ్వి చెరువు చేసిన రైతు. అంతకు ముందు పంట రోగమొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. ఈ పంట కూడా పోతే చెరువు అమ్ముకోవడం తప్ప దారి లేదని వదిన మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ దగ్గర కళ్లొత్తుకుంది. అలాంటి చెరువు మీద ఎవరూ వాడి చూడని పెట్టెను పెట్టుకోవడం ఎందుకని ఊళ్లో పదిమందీ అన్నారు. మాస్టారి అమ్మాయి చేసిందంటే అదొక్కటే చాలని అన్నయ్య వినలేదు. ఆ మాట విన్నప్పుడు పొంగిపోయాను గానీ, తరువాత అదే మాట నా గుండెల మీద రాయిలా కూర్చుంది.

రొయ్యలు బాగా పెరిగి, పట్టుబడికి, అంటే పట్టి అమ్ముకోవడానికి, దగ్గరపడుతున్న రోజుల్లో ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పగలే పడిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం పెట్టె వేసిన రెండు చక్రాలు తిరుగుతున్నాయి, అవి చాలక మరో రెండు కూడా వేయాలి. అన్నయ్య గట్టు మీద పెట్టె దగ్గర నిలబడి మూడోదాని మీట నొక్కాడు, వదిన గట్టు పక్కనే ఉన్న ఇంటి అరుగు మీది నుంచి నాలుగోదానికి మెసేజీ పంపింది, పెట్టె నుంచి వేశానని జవాబూ వచ్చింది. కానీ చెరువు ఆ చివర, రేగుచెట్ల చాటున ఉన్న నాలుగో చక్రం కదల్లేదు. ఆక్సిజన్ కొలిచే పరికరం ఈ చివర మూడు చక్రాల దగ్గర ఉండబట్టి పెట్టెకేమో అంతా బాగానే కనిపించింది. అన్నయ్య మేత చల్లుతూ ఆ చివరికి వెళ్లేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరుతున్నాయట. అతను పరుగెత్తుకెళ్లి స్టార్టరు దగ్గర చేత్తోనే చక్రం వేసి, వాటిని దక్కించుకున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే పంటలో సగం పోయేదే.

ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. పెట్టె పనిచేయకపోతే చెడిపోయిందంటాం, ఇది పనిచేయకుండానే చేశానని చెప్పింది. అలాంటిదాన్ని నమ్ముకుని ఒక సంసారం ఎలా కూర్చుంటుంది? పీకేయమని ఊళ్లోవాళ్లు పట్టుబట్టినా, ముసురు పోయేలోగా బాగుచేస్తుందిలే అని అన్నయ్య ఆ పెట్టెను ఉండనిచ్చాడు.

గుడివాడలో మావయ్య గారూ నేనూ పరీక్షలు పెట్టీ పెట్టీ అలిసిపోయాం. ఆయన మీట నొక్కేవారు, నేను మెసేజీ పంపేదాన్ని, చక్రాలకు బదులు బల్ల మీద పెట్టిన దీపాలు ఎలా వెలగాలో అలాగే వెలిగేవి. వేళ్లు నొప్పులు పుట్టేదాకా అలాగే చేశాం, ఒక్కసారీ తప్పలేదు. లోపం దొరికితే ఏడవవచ్చు, దొరక్కపోతే ఏం చేయను? తల ప్రాణం తోకకొచ్చింది. ఇక లాభం లేదని, పెట్టెకి తగిలించి లోపలి సంగతులు చూసే నా కంప్యూటరు సంచీ భుజాన వేసుకుని బంటుమిల్లి బస్సెక్కాను.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. అతను గట్టు సంగతి, ఆవిడ అరుగు సంగతి, ఒకరి మాట మీద ఇంకొకరి మాట, మధ్యలో నాకు మజ్జిగ, నాన్నగారి మోకాళ్ల నొప్పుల పరామర్శ. ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. ఇద్దరూ కలిసి మాట్లాడతారు, ఇద్దరికీ రెండోవాళ్లు చెప్పింది వినపడుతుంది, నాబోటిదానికే ఏదీ అందదు. విడివిడిగా అడిగితే ఇద్దరూ అన్నీ సరిగ్గానే చేశామన్నారు. సరే, ఆ రోజు ఎలా చేశారో అలాగే చేసి చూపించమని పెట్టె దగ్గర కూర్చున్నాను. అన్నయ్య మీట నొక్కాడు. నొక్కీ నొక్కకముందే వదిన అరుగు మీది నుంచి మెసేజీ కొట్టేసింది. మూడో చక్రం తిరిగింది, నాలుగోది తిరగలేదు, ఆవిడ ఫోను మాత్రం వేశానని టింగుమంది.

అన్నయ్యది అయ్యేదాకా కాసేపు ఆగలేదేం వదినా అని అడిగాను, అదేదో ఆమె తప్పయినట్టు. ఆవిడ వింతగా చూసింది.

"ఆయనది అయ్యేదాకా నేనాగితే ఈ కొంపలో ఏ పనీ తెమలదమ్మా."

అక్కడ అర్థమైంది నాకు. గుడివాడలో మావయ్య గారు పెద్దవారు కదాని ఆయన మీట పని పూర్తయి బల్ల మీది దీపం వెలిగేదాకా నేను ఆగేదాన్ని. ఆడపిల్లని తొందరపెట్టకూడదని నా ఫోను టింగుమనేదాకా ఆయన ఆగేవారు. ముందు మీరు కానివ్వండి అంటే, లేదు ముందు మీరు కానివ్వండి అనుకుంటూ, రెండు కోర్లున్న పెట్టెని ఒకే కోరున్న మర్యాదతో పరీక్షించాం. లోపం బయటపడడానికి మేం చోటిస్తే కదా!

లోపల జరిగింది ఇదీ. నాలుగు చక్రాల సంగతీ ఒకే పలక మీద రాసి ఉంటుందనుకోండి. ఏ కోరైనా ఆ పలక చూసి, తన గడి మార్చి, మొత్తం పలకంతా కొత్తగా రాసిపెడుతుంది. ఆ పలక ప్రకారం చక్రాలు తిప్పేది మాత్రం మీటలు చూసే కోరే. మోటారు ఒక్కసారిగా లాగితే కరెంటు కుంగిపోతుందని, మీటలు చూసే కోరు పలక చూశాక కాసేపు ఆగి మరీ రాసేది. ఆ కాసేపట్లో ఫోను కోరు వచ్చి నాలుగోది వేశానని రాసి, వదినకి జవాబిచ్చి వెళ్లిపోయింది. ఆ తరువాత మొదటి కోరు తనకు గుర్తున్న పాత పలకనే, మూడోది చేర్చి, దాని మీద రాసేసింది. ఎవరూ అబద్ధమాడలేదు. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేశారు, అంతే. పలక ఎవరి చేతిలో ఉంటే వాళ్లే రాయాలి, కింద పెట్టేదాకా రెండోవాళ్లు ముట్టకూడదు, రాసేముందు మళ్లీ చూసుకోవాలి. దానికి కావలసిన తాళం ఏర్పాటు ఆ చిప్పులోనే ఉంది, నేనే వాడలేదు. వాళ్ల అరుగు మీదే కూర్చుని ఆ తాళం వేశాను. వదిన పెట్టిన భోజనం చల్లారిపోయింది, అన్నయ్య నా వెనకే నిలబడి తెర మీద ఏమీ అర్థంకాకపోయినా ప్రతి అక్షరం చూశాడు.

మర్నాడూ మబ్బే. పొద్దున్నే మళ్లీ బస్సెక్కి వెళ్లాను. రావద్దన్నా ఉండలేకపోయేదాన్ని. మధ్యాహ్నానికి ఆక్సిజన్ పడిపోయింది. ఈసారి నేనే వాళ్లిద్దరినీ ఆగకండి, ఒకరి మీద ఒకరు పడండి అని బతిమాలాను. ఆ విద్య వాళ్లకి నేర్పాలా? అతను మీట నొక్కాడు, ఆవిడ మెసేజీ కొట్టింది, ఇద్దరూ కలిసి ఏదో వాదించుకుంటూనే ఉన్నారు, నేను మాత్రం రేగుచెట్ల చివరికి చూస్తూ నిలబడ్డాను. మూడోది తిరిగింది. తరువాత అంత దూరంలో నీళ్లు తెల్లగా ఎగిరిపడ్డాయి. నాలుగోది. మళ్లీ ఆపించాను, మళ్లీ వేయించాను, వాళ్లు విసుక్కునేదాకా వేయించాను. ఒక్కసారీ తప్పలేదు. నెత్తిన పాలు పోసినట్టయింది. మేత బస్తా మీద కూలబడ్డాను. హమ్మయ్య అనే మాటకు నిజమైన అర్థం నాకు ఆ గట్టు మీదే తెలిసింది.

ఆ పంట నిలబడింది, చెరువు అన్నయ్య చేతిలోనే ఉంది. ఆ తరువాత దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం దాకా మా పెట్టెలు వెళ్లాయి. ఎక్కడికి వెళ్లినా ముందుగా ఇద్దరు గడుగ్గాయిల్ని పిలిచి ఒకేసారి నొక్కించేదాన్ని. ఇప్పుడు ఆ తాళాలన్నీ తయారుగా దొరుకుతున్నాయని, రాసే పని కూడా లేదని అంటున్నారు. సంతోషం, మేం పడ్డ తిప్పలు ఇంకెవరూ పడనక్కర్లేదు. కానీ ఏ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో వినడానికి బస్సెక్కి వెళ్లే పని కూడా దాంతోపాటే పోయింది.

అన్నయ్యకి ఈ మధ్య వినికిడి బాగా తగ్గింది. వదిన నాతో ఫోనులో మాట్లాడుతుంటే పక్కనే కూర్చుంటాడట గానీ, మధ్యలో అందుకోడు. ఆవిడ మాట తాపీగా పూర్తవుతుంది, పూర్తయ్యాక ఇంకో గొంతు కోసం చూస్తున్నట్టు ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణం నేను భరించలేను. అందుకే నాన్నగారు చూస్తే నొచ్చుకునేవారేమో గానీ, ఆవిడ మాట సగంలో ఉండగానే నేనే అడ్డం పడుతున్నాను. వదిన నవ్వి, నన్ను చెప్పనియ్యవేమే అంటూ గొంతు పెంచుతుంది.