ఈశ్వరి విసిరిన రాయి

బెళుగుప్ప వైపు వాన పడని ఏళ్లే ఎక్కువ. పచ్చిక కోసం గొర్రెలను తోలుకుని కర్ణాటక సరిహద్దు దాటి, నెలల తరబడి చేలల్లోనే పడుకునే కుటుంబాల్లో ఈశ్వరిది ఒకటి. మంద మీదికి తోడేలు వస్తే మగవాళ్లు కర్ర వెతుక్కునేలోపే ఆమె చేతిలో రాయి లేచేది. ఆ రాయి గురి తప్పగా ఎవరూ చూడలేదు. నలభై దాటాక మోకాళ్లు మొరాయించడంతో మందను భర్త తిప్పేష్‌కు వదిలి, ఊళ్లో ఉన్ని వడికే ఆడవాళ్ల సంఘంలో చేరింది.

ఆ సంఘానికి దక్షిణాఫ్రికా నుంచి పిలుపు వచ్చింది. జొహానెస్‌బర్గ్‌లో నానా దేశాల చేతిపనుల ప్రదర్శన. ఒకరు వచ్చి ఉన్ని వడికి చూపించాలి. విమానం అనగానే అందరూ వెనక్కి తగ్గారు.

"తోడేలుకే బెదరనిదానివి, నువ్వు పో" అని ఈశ్వరిని ముందుకు తోశారు.

తోడుగా సంఘం పనులు చూసే సువార్త బయల్దేరింది. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్ల. నాలుగు భాషలు గడగడా మాట్లాడుతుంది.

భయం ఊళ్లోనే మొదలైంది. మరిది కుళ్లాయప్ప ఫోన్లో వీడియోలు చూపించాడు. "చూడు వదినా, పట్టపగలే ఎట్ల లాక్కుంటాండారో! మెడలో బంగారం పెట్టుకుని పోయేవు సుమా." ఈశ్వరి పుస్తెలు తీసి పెట్టెలో దాచి, దారానికి పసుపుకొమ్ము కట్టుకుని విమానం ఎక్కింది.

అక్కడ జూన్ నెల చలికాలం. విమానాశ్రయం నుంచి వచ్చే దారిలో పసుపుపచ్చగా, చదునుగా కోసినట్టున్న మట్టిగుట్టలు కనిపించాయి.

"అక్కా, అది బంగారం తవ్వి పారేసిన మట్టి" అంది సువార్త. "ముందు ఈడ ఊరే లేదంట. బంగారం పడినాక దేశదేశాల నుంచి కూలోళ్లు, యాపారస్తులు వచ్చి ఇంత పట్నం అయిందంట."

"మన రామగిరిలో గూడా తవ్విరి కదమ్మా. ఆడ పట్నం కాలేదే!"

సువార్త నవ్వింది. ఈశ్వరి నవ్వలేదు. ఇళ్ల గోడల మీద కరెంటు తీగలు, కిటికీలకు ఇనుప ఊచలు చూస్తోంది. ఇక్కడివాళ్లే ఇంత భయపడుతుంటే తానెంత భయపడాలో ఆమెకు అర్థం కాలేదు. వీధిలో ఎన్ని రకాల మనుషులో! నల్లవాళ్లు, తెల్లవాళ్లు, చీనావాళ్లు, గుజరాతీ అంగళ్లవాళ్లు. ఎవరి భాష వాళ్లది. ఎవరు మంచిగా మాట్లాడుతున్నారో, ఎవరు కోపంగా మాట్లాడుతున్నారో కూడా ఆమెకు తెలియలేదు.

ప్రదర్శనలో రెండు రోజులు తల ఎత్తకుండా వడికింది. రెండో రోజు సాయంత్రం హోటల్ వ్యాను రాలేదు. మన షేర్ ఆటోల్లాంటి చిన్న వ్యాన్లు అక్కడ తిరుగుతాయి. సువార్త ఎవరినో అడిగి, "ఇదేనక్కా, ఎక్కు" అంది. ఈశ్వరి వంగి వెనక సీట్లోకి దూరింది. సువార్త కాలు పెట్టబోయేంతలో ఒక లావుపాటి మనిషి ముందుగా ఎక్కి కూర్చున్నాడు. సీట్లు నిండిపోయాయి. తలుపు ఠప్పుమని పడింది, వ్యాను కదిలింది. సువార్త అద్దం మీద కొడుతూ నాలుగడుగులు పరుగెత్తి వెనకబడిపోయింది.

"ఆపండప్పా! మా పిల్ల రాలేదు!"

ఈశ్వరి గొంతు వ్యానులో పెట్టిన పాటల మోతలో కలిసిపోయింది. పక్కవాళ్లు ఆమెను చూసి ఏదో అన్నారు. అంతలో వెనక నుంచి ఒకతను భుజం తట్టి, ఆమె చేతిలో నోట్లు కుక్కాడు. పక్కనున్న మనిషి ఇంకొన్ని నోట్లు ఇచ్చాడు. ఆమె నోట్ల వంక, వాళ్ల మొహాల వంక చూసింది. నన్ను కొనుక్కుంటాండారా? అవి డ్రైవరుకు అందించాల్సిన చార్జీలని ఆమెకేం తెలుసు! నోట్లు విసిరికొట్టి కెవ్వున అరిచింది. వ్యానులో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. డ్రైవరు వెనక్కి తిరిగి గద్దించాడు. వ్యాను ఆగింది, ఎవరో దిగడానికి తలుపు తెరిచారు. ఈశ్వరి అందరినీ తొక్కుకుంటూ కిందికి దూకి, ఎటో తెలియకుండానే పరుగు తీసింది.

రోడ్డు దాటింది. ఇల్లూ వాకిలీ లేని ఖాళీ నేల. ఎదురుగా అలాంటిదే పసుపుపచ్చ మట్టిగుట్ట. అప్పుడు చూసుకుంది, చేతిసంచి లేదు. పాస్‌పోర్టు, సువార్త నంబరు రాసిన కార్డు అన్నీ అందులోనే. వెనక అడుగుల చప్పుడు. నడివయసు ఆడమనిషి ఒకతె, తలకు గుడ్డ కట్టుకుని, చెయ్యి ఊపుతూ, అరుస్తూ తన వైపే వస్తోంది.

"రావద్దు! దగ్గరికి రావద్దు!"

ఆమె ఆగలేదు. ఈశ్వరి వంగింది. రాయి లేచింది.

ఆ ఆడమనిషి నుదురు పట్టుకుని కూలబడింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు. రెండో చేతిలోంచి జారిపడింది ఈశ్వరి సంచి.

ఈశ్వరి సంచి వంక చూసింది. ఇప్పుడు పోలీసులొస్తారు. పరాయి దేశంలో జైలు. తిప్పేష్‌కు ఎవరు చెబుతారు? పారిపోదామనుకుంది, కానీ అడుగు పడలేదు. అంతలో ఆ మనిషి తిట్లు లంకించుకుంది. ఒక్క మాటా తెలియలేదు గానీ, పొలం గట్టు దగ్గర మేక మేసిందని ఊళ్లో లక్ష్మక్క తిట్టే తిట్లకూ వాటికీ తేడా ఏమీ లేదు. ఈశ్వరి దగ్గరికి పాకినట్టే పోయి, కొంగు మడిచి ఆ నుదుటి మీద అదిమింది.

"తప్పయిపోయిందమ్మా. దొంగవనుకుంటి. తప్పయిపోయింది."

ఆమె తిడుతూనే సంచిలో వెతికి కార్డు తీసి, తన ఫోన్లోంచి సువార్తకు చేసింది. కాసేపటికి సువార్త అద్దె కారులో ఏడుస్తూ వచ్చింది. ఆ మనిషి పేరు లిండివే అని, ఆఫీసులు ఊడ్చే పనిలోంచి ఇంటికి పోతోందని, సంచి ఇవ్వడానికే వ్యానులోంచి దిగిందని అప్పుడు తెలిసింది.

దగ్గర్లోనే ఉన్న ఆసుపత్రికి నడిచి వెళ్తే, కుట్లు వేయాలన్నారు. ఈశ్వరి తలుపు దగ్గరే నిలబడింది. నర్సు సూది తీయగానే, అంతసేపూ గద్దించిన లిండివే మొహం పాలిపోయింది. చెయ్యి చాచి ఈశ్వరి మణికట్టు దొరకబుచ్చుకుంది. సూది దిగినప్పుడల్లా నొక్కింది. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

బయటికొచ్చాక ఈశ్వరి తాను కప్పుకున్న కంబళి తీసి ఆమె భుజాల మీద కప్పింది. లిండివే వాసన చూసి, గొర్రె కంపుకు ముక్కు చిట్లించింది. అయినా చలికి దాన్ని దగ్గరగా లాక్కుంది.

"పోలీసులకు చెబుతాదంటనా?" అని ఈశ్వరి మెల్లగా అడిగింది.

"లేదక్కా. పొద్దుబోయింది, ఇంట్లో వంట యాడ అయితాదని తిడతాంది."

కారులో దింపుతామన్నా లిండివే ఒప్పుకోలేదు. తెలియని కారు ఎక్కనంది. అంతలో అలాంటి వ్యానే ఒకటి వచ్చి ఆగింది. లిండివే ఎక్కి, తన పక్కన చోటు చూపించి ఈశ్వరిని రమ్మంది; భయం లేదు, హోటలు దగ్గర తానే దింపుతానంటోందని సువార్త చెప్పింది. ఈశ్వరి ఒక అడుగు వేసింది. లోపలి మొహాలన్నీ తన వైపు తిరగ్గానే ఆగిపోయింది.

"నా చేత కాదు, సువార్తా. ఆయమ్మకు చెప్పు" అంది.

లిండివే భుజాలెగరేసి తలుపు లాక్కుంది. వ్యాను మలుపు తిరిగేదాకా ఈశ్వరి సువార్త చెయ్యి వదల్లేదు. మిగిలిన రెండు రోజులూ ప్రదర్శనకూ హోటలుకూ మధ్య తప్ప ఎక్కడికీ కదల్లేదు.