పక్కన మనిషి

మా అక్క నౌపడ అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఉండేది. బావ వేటాడి తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని, నరసన్నపేట తీసుకెళ్ళి అమ్మేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఒకరోజు బేరమాడుతూనే పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం.

శ్రీకాకుళం ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఎడమవైపు మాత్రం పడిపోయింది. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరుగారు, జబ్బు తగ్గిందనీ, ఇక ఆసుపత్రిలో చేసేదేమీ లేదనీ, చూసుకునే మనిషి కావాలనీ చెప్పారు. అటూ ఇటూ తిప్పాలి, కూర్చోబెట్టి తినిపించాలి, తడిసిన బట్ట వెంటనే మార్చాలి.

“ఆ మనిషిని ఏ వార్డులో ఇస్తారు బాబూ?” అనడిగాడు బావ. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. డాక్టరుగారు డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టిచ్చారు.

కొన్నాళ్ళు బావ వేట మానేశాడు. వల అల్లే చేతులతో అక్కకి జడ అల్లేవాడు. ఇల్లు గడవక మళ్ళీ పడవెక్కాడు. ఆయన తిరిగొచ్చేదాకా అక్క ఒక్కతే. పక్కింటావిడ వచ్చి నీళ్ళు పట్టేది, కానీ ఆవిడకీ ఇల్లూ పనీ ఉన్నాయి. నేను రాజాంలో ప్రైవేటు బళ్ళో టీచర్ని, సెలవు దొరికితేనే వెళ్ళేదాన్ని. అలా వెళ్ళినప్పుడు ఒళ్ళు తుడుస్తుంటే నడుం కింద, మంచానికి ఆనే చోట, అరచెయ్యంత పుండు కనిపించింది.

పుండంటే జబ్బే కాబట్టి ఈసారి ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. దసరా సెలవులు కావడంతో నేను తోడున్నాను. నర్సమ్మ రోజూ కట్టు మార్చేది. పక్క మంచాల తాలూకు వాళ్ళు తలో చెయ్యి వేసి అక్కని తిప్పేవారు, టీ తాగించేవారు, ఊరి కబుర్లడిగేవారు. మాట ముద్దముద్దగా వచ్చినా అక్క నవ్వుతూ జవాబు చెప్పేది. పుండు మానుముఖం పట్టిందని నేను సంబరంగా చెప్తే, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మాననీకే. మానిపోతే ఇంటికి తోలెత్తారు.”

నా సెలవులయ్యాక బావ ఉన్నాడు. పుండు మానింది. ఇంటికి పంపించేశారు.

చలికాలంలో మళ్ళీ పుండు లేచి, జ్వరం కమ్మేసింది. అంబులెన్సులో, దారిలోనే పోయింది. ఏం జబ్బు చేసిందని అడిగినవాళ్ళకి బావ ఒకటే చెప్పాడు.

“జబ్బు ఎప్పుడో తగ్గిపోనాది.”

పెద్దకర్మ అయ్యాక ఆయన వేటకెళ్ళాడు. ఇప్పుడు ఒడ్డుకి రావడానికి తొందరపడట్లేదని పక్కింటావిడ చెప్పింది.