గడప కొండెక్కిన సోమవారం

జర్మనీలో టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటు, లేకుండా దొరికేది నవంబరు చలి ఒక్కటేనని మావారు అంటూ ఉంటారు. డాక్టరుకు టెర్మిన్, జుట్టు కత్తిరించుకోవడానికి టెర్మిన్. చివరికి ఎండాకాలంలో సరస్సు ఒడ్డున నాలుగు రోజులు కారవాన్ పెట్టుకోవాలన్నా కిందటి ఎండాకాలంలోనే చోటు అడిగి ఉండాలి. స్టుట్‌గార్ట్ పక్కన ఎస్-బాన్ రైలు ఆగే చిన్న ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటున్నాం కానీ, అంత ముందుచూపు మా ఇంటావంటా లేదు. అందుకే ఆయన ఆఫీసులో ఒక జర్మన్ సహోద్యోగి, "నవంబరులో మా వోన్‌వాగెన్ ఊరికే పడుంటుంది, కావాలంటే తీసుకెళ్లు" అనగానే ఈయన ఎగిరి గంతేశారు.

వోన్‌వాగెన్ అంటే కారవానే, కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. లోపల మంచం, బల్ల, రెండు పొయ్యిలు, గిన్నె తోమితే మోచెయ్యి గోడకు తగిలేంత వంటగది. ఎవరూ వెళ్లని కాలంలో ఎందుకు వెళ్లడం అని అడిగాను. "ఎవరూ ఉండరు కాబట్టే" అన్నారాయన. పెళ్లి అయిపోయాక పందిరి చూడ్డానికి వెళ్లే మనిషిని నేను మొదటిసారి చూశాను. ఇరవై ఏళ్లుగా అదే మనిషితో కాపురం చేస్తున్నానన్నది వేరే సంగతి.

మాతో పాటు అత్తయ్య కూడా బయలుదేరింది. మావారి మేనత్త. కాకినాడ నుంచి మూడు నెలల వీసా మీద వచ్చి, మొదటి నెలంతా మా బాల్కనీలోంచి ఎదురింటివాళ్ల బాల్కనీ చూసింది. డెబ్బై దాటిన మనిషి. పెద్ద ఉమ్మడి కుటుంబంలో కోడలిగా అడుగుపెట్టిన రోజు నుంచీ ఇంటిల్లిపాదికీ వండి వడ్డించడమే ఆవిడ లోకం. ఎక్కడికైనా తీసుకెళ్దామంటే "నాకెందుకురా, మీరెళ్లండి, నేను చారు పెట్టి ఉంచుతా" అనేది. అలాంటిది, ఇల్లే కదిలి వెళ్తుందని చెప్పగానే చెప్పులు వేసుకుని వచ్చేసింది.

శనివారం బోడెన్‌జే సరస్సు ఒడ్డున క్యాంపింగ్ స్థలానికి చేరాం. సరస్సు ఒడ్డునే ఉన్నామని బోర్డు చెప్పింది కాబట్టి నమ్మాం. కళ్లకు మాత్రం తెల్లటి పొగమంచు తప్ప ఏమీ ఆనలేదు. ఫలహారశాల మూసేశారు. పడవలకు టార్పాలిన్లు కప్పేశారు. నీళ్ల కుళాయిల్లో ఒక్కటి వదిలి మిగతావన్నీ చలికి పగలకుండా కట్టేశారు. అంత పెద్ద మైదానంలో మేమూ, కాపలా చూసే ఉన్నిటోపీ పెద్దాయనా, ఆయన కుక్కా. కారవాన్ కాళ్లు నాలుగూ దించి, లెవెల్ చూసే గొట్టం లోపల నేల మీద పెట్టి, అందులో బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా మావారు బురదలో పొర్లాడారు. "ఇక మంగళవారం దాకా దీన్ని కదిపేది లేదు" అని ప్రకటించి, లాప్‌టాప్ తెరిచి కూర్చున్నారు. సెలవంటే ఆయన దృష్టిలో అదే పని వేరేచోట చేసుకోవడం.

సోమవారం పొద్దున్నే అత్తయ్య తలస్నానం చేసి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఇవాళ కార్తీక సోమవారం. నేను నక్తం ఉంటాను."

నక్తం అంటే పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం ఆకాశంలో చుక్క చూశాకే భోజనం చెయ్యడం. మేం లెక్క చూసుకోనిది ఇదే. జర్మన్లకు ఎవరూ కదలని కాలం, మనకు కార్తీక మాసం. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మావారు మాత్రం సంబరపడిపోయారు. "ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతుందత్తా! కాకినాడ కంటే ముందే తినేస్తావు."

"చీకటైతే సరా? చుక్కో?" అన్నాను.

మూడు రోజులుగా సూర్యుడే మొహం చూపించలేదు. ఇక చుక్కెక్కడ? ఆవిడ తాగింది పొద్దున ఓ గ్లాసుడు పాలు. ఆవిడ తినకుండా మేం తినలేం. నాకు లోపల బెంగ పట్టుకుంది. కళ్లు తిరిగి పడిపోతే, అంబులెన్సువాళ్లు వచ్చి ఏం జరిగిందని అడిగితే, చుక్క కనపడలేదని జర్మన్‌లో ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

మధ్యాహ్నం నుంచే వంట మొదలుపెట్టాను. పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, పరవాన్నం. రెండు పొయ్యిల మీద అన్ని వంటలు చేసేసరికి కిటికీలన్నీ చెమటలు కక్కాయి. చీకటి పడుతుండగా అత్తయ్య సింకు పక్కన చిన్న దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. పొగ అలారం కెవ్వుమంది. మావారు తువ్వాలు పెట్టి విసురుతుంటే ఆవిడ ముసిముసిగా నవ్వుతూ కోటు వేసుకుని, "పదండ్రా, చుక్క చూద్దాం" అని బయటికి నడిచింది.

బయట పైనా కిందా ఒకటే తెలుపు, అందులో అక్కడక్కడా మసక వెలుగులు. కాసేపటికి మావారి ఆకలి ఆయన చేత అబద్ధాలాడించడం మొదలుపెట్టింది.

"అదిగో అత్తా, చుక్క!"

"చుక్క అలా పరిగెడుతుందేవిట్రా? అది విమానం."

"పోనీ అటు చూడు, అది కదలట్లేదుగా."

"ఆరి వెలుగుతోంది. పడవలకి దారి చూపించే దీపం అది. మా కాకినాడలో లైట్‌హౌస్ లేదనుకున్నావా?"

ఆయన ఆఖరి అస్త్రంగా ఫోను తీశారు. అందులో ఏదో యాప్ ఉంది, ఆకాశం వైపు పెడితే మబ్బుల వెనక ఏ నక్షత్రం ఉందో బొమ్మ చూపిస్తుంది. "ఇదిగో, ఇక్కడే ఉంది. మబ్బు అడ్డం, అంతే."

అత్తయ్య ఫోనులోకి శ్రద్ధగా చూసింది. "బావుంది. అందులోనే పులిహోర ఫోటో ఒకటి తీసి చూపిస్తాను, నీకు కడుపు నిండుతుందేమో చూడు."

మా గొడవ విని ఉన్నిటోపీ పెద్దాయన కుక్కతో సహా వచ్చి, ఏం వెతుకుతున్నారని జర్మన్‌లో అడిగాడు. నక్షత్రం కనపడితే గానీ మా అత్తయ్య భోజనం చెయ్యకూడదని మావారు వివరించారు. ఆయన గడ్డం గోక్కుని, "ఆఖ్ జో" అని వాళ్ల భాషలో 'అలాగా' అనేసి వెళ్లి ఆ మైదానంలో దీపాలన్నీ ఆర్పేసి వచ్చాడు. జర్మన్లకు రూలు ఎందుకో అర్థం కాకపోయినా ఫరవాలేదు. రూలు అని చెబితే చాలు, గౌరవిస్తారు. అయితే చీకట్లో కూడా పొగమంచు పొగమంచే. ఆయన కూడా కాసేపు మాతో పాటు మెడ ఎత్తి చూసి, చివరికి ఆగ్నేయం వైపు చెయ్యి చూపించాడు. మంచు ఈ పల్లంలోనే ఉంటుంది, ఆల్గాయ్ కొండల మీదికి వెళ్తే దాని పైకి తేలతారు అన్నాడు.

"కారులో వెళ్లొద్దాం. గిన్నెలు సంచిలో పెట్టు" అన్నారు మావారు.

"నైవేద్యం పెట్టకుండా వంట గడప దాటకూడదురా" అంది అత్తయ్య. "చుక్క చూడకుండా నైవేద్యం పెట్టకూడదు."

మావారు నావైపు చూశారు. నేను కారవాన్ గుమ్మం వైపు చూశాను. గడప దాటకూడదు సరే, గడపకు చక్రాలున్నాయిగా!

ఆయన మొహం చూసి తీరాల్సిందే. నాలుగు కాళ్లూ పైకెత్తి, కరెంటు తీగ చుట్టి, బురదలో మళ్లీ పొర్లాడి కారవాన్‌ను కారుకు తగిలించారు. ఆ బుడగను మధ్యకు తేవడానికి ఆయన పడ్డ పాట్లన్నీ గోదాట్లో కలిశాయి. నేను గిన్నెలకు తువ్వాళ్లు చుట్టి సింకులో కూర్చోబెట్టాను. పెద్దాయన టార్చి లైటు ఊపుతూ మమ్మల్ని గేటు దాటించాడు.

కొండదారి మీద ఆ ఇంటిని లాక్కుంటూ నెమ్మదిగా పోతుంటే మా వెనక కార్లు ఊరేగింపు కట్టాయి. ఒకరిద్దరు హారన్ కొట్టారు కూడా. మావారు పళ్లు కొరుకుతున్నారు, నాకు కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ముందు సీట్లో కూర్చున్న అత్తయ్య మాత్రం అద్దానికి ముక్కు ఆనించి, మంచులో దీపాల వెలుగుకి లీలగా కనపడ్డదల్లా చూస్తోంది. "ఆ ఇళ్లకి అంత వాలు కప్పులేవిటి? ఆవులకి చలెయ్యదా? ఇంకా పైకి పోదావురా, ఇంకొంచెం" అంటోంది. రోజంతా పస్తున్న మనిషికి ఇంత హుషారేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఒక మలుపు తిరిగేసరికి మంచు పలచబడింది. ఇంకో మలుపులో పూర్తిగా తెగిపోయింది. కొండ ఎక్కేవాళ్లు బళ్లు నిలుపుకునే ఖాళీ స్థలం ఒకటి కనిపిస్తే ఆపి దిగాం. తల ఎత్తి చూశాను. ఒక్క చుక్క కోసం వెళ్తే ఆకాశం నిండా విరగకాశాయి. నాకు కళ్లు చెమర్చాయి. సగం సంతోషం, సగం ఆకలి.

"చుక్క! చుక్క!" అని మావారు చిన్నపిల్లాడిలా అరిచారు. అత్తయ్య చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంది. లోపలికి వెళ్లి నైవేద్యం పెట్టింది. హమ్మయ్య అనుకుంటూ నేను కంచాలు తీసేలోపల మళ్లీ కోటు వేసుకుని బయటికి వెళ్లిపోయింది.

"రా అత్తా, తిందాం" అని మావారు వెనకే వెళ్లారు. "ఒకవేళ ఇక్కడా కనపడకపోయి ఉంటే ఏం చేసేదానివి?"

"ఏముందీ? దీపం చూసి తినేసేదాన్ని. మా వేపు కార్తీకంలో తుఫాన్లు రావేవిటి? మబ్బేసిన రోజు చుక్క కోసం ఎవరు కూర్చుంటారు? దీపం పెట్టుకుని తినేస్తాం."

నేను గరిటెతో సహా బయటికి వచ్చేశాను. "సాయంత్రం దీపం పెట్టారు కదత్తయ్యా!"

"పెట్టేనుగా" అంది ఆవిడ, తల దించకుండా.

"మరి గడప దాటకూడదన్న మాట?"

"అది అప్పటికప్పుడు నేను కల్పించేను. ఈ ఇల్లు కదుల్తూంటే బావుంటుంది. వీడేమో మేకులు కొట్టేసి కూర్చున్నాడు."

ఒక్క క్షణం నాకు కోపం నసాళానికి అంటింది. అరవాలనుకుని నోరు తెరిచేసరికి ఆవిడే మళ్లీ మాట్లాడింది.

"మా ఇంట్లో చుక్క చూడ్డం నా పనే అమ్మాయ్. అందరూ లోపల ఆకలితో కూచునేవోరు. నేను డాబా ఎక్కి, ఒక్కటి కనపడగానే కిందకి కేకేసి, వడ్డనకి పరిగెత్తేదాన్ని. ఇన్నేళ్లలో రెండో చుక్క చూసింది లేదు." కోటు దగ్గరికి లాక్కుని, "మీరు వడ్డించుకుని తినండి. నేను వస్తాలే" అంది.

మేం తినలేదు. నా శాలువా తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పి, పక్కనే నిలబడ్డాం. పులిహోర చల్లారిపోయింది. ఆ రాత్రి తిన్నంత రుచిగా పులిహోర మళ్లీ నాకు కుదరలేదు.

మరుసటి సోమవారానికి ఇల్లు చేరుకున్నాం. కారవాన్‌ను కడిగి యజమానికి అప్పగించేశాం. ఆ సాయంత్రం నేను కుక్కరు దించుతుంటే అత్తయ్య బాల్కనీలోంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. అప్పటికే కోటు వేసుకుని ఉంది.

"బాగా మబ్బేసిందే అమ్మాయ్" అంది.

కిటికీలోంచి చూశాను. ఎదురింటి కప్పు మీద చుక్క కళ్లెదుటే ధగధగా మెరుస్తోంది.

"అవునత్తయ్యా, ఏమీ కనపడట్లేదు" అని పొయ్యి కట్టేశాను. అప్పటికే ముందుగదిలో మావారు కారు తాళంచెవులు అందుకుంటున్న చప్పుడు వినిపించింది.