కుర్చీ దిగని బొజ్జరాజు

మా యూనివర్సిటీ ఆఫీసులో సెక్షన్ సూపరింటెండెంటు రత్నాకర్ గారికి యాభై నాలుగేళ్లు. బుద్ధి మాత్రం ఆరేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఈ మాటకు ఆరేళ్ల పిల్లలు నొచ్చుకుంటే నన్ను క్షమించాలి. వాళ్లు బిస్కెట్టు విరిచి పక్కవాడికి పెట్టడం క్యాంపస్ బస్‌స్టాపులో రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆయన పుట్టింది జనగామ దగ్గర ఒక పల్లెలో, ముగ్గురు అక్కల తర్వాత. అక్కల గిన్నెల్లోని వెన్న కూడా తన గిన్నెలోకే వచ్చేదని ఆయనే గొప్పగా చెప్పుకుంటారు. ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్లయినా ఆ అక్కలు ఇంకా చుట్టూ ఉన్నారనే ఆయన నమ్మకం. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే మా టిఫిన్ డబ్బాలన్నీ ముందు ఆయన బల్ల మీదికి పోవాలి. మూత తీసి, వాసన చూసి, మంచి ముక్క ఏరుకుని, "ఉప్పు తక్కువైంది" అని తిరిగి ఇస్తారు. తార్నాకలో ఆయన ఉండే అపార్ట్‌మెంటుకు సెక్రటరీ కూడా ఆయనే. ఆయన బాల్కనీలో పడిన పిల్లల బంతి ఒక్కటీ తిరిగి కిందికి రాలేదు, వాటితో ఒక నీలం బకెట్టు నిండిందట. వినాయకుడి చేతిలోని లడ్డూ నిమజ్జనం నాడు నేరుగా ఆయన ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. ప్రసాదం పేరుతో ఇంటింటికీ చేరేది చిటికెడు. దేవుడి సొమ్ము అంత నిబ్బరంగా తినగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అలాంటి ఆయన సినిమాలో రాజు అయ్యారు.

భూమిక మా క్యాంపస్‌లోనే సినిమా తీయడం చదువుకుంటున్న అమ్మాయి. వాళ్ల నాన్న తొర్రూరులో ఆటో నడుపుతాడు. చదువు గట్టెక్కాలంటే ఆ పిల్ల ఒక సినిమా తీసి సోమవారం పొద్దుటికి అప్పజెప్పాలి. లేకపోతే ఏడాది పోయినట్టే, ఇంకో ఏడాది చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. పాత రాతి భవనం మెట్ల మీద షూటింగుకు అనుమతి కావాలని కాగితం పట్టుకుని మా సెక్షన్‌కు వచ్చింది. ఆ కాగితం రత్నాకర్ గారి బల్ల మీద పదకొండు రోజులు పడుకుంది. పన్నెండో రోజు ఆయన నోరు విప్పారు.

"కథేందమ్మా?"

"పిల్లల కథ సార్. బొజ్జరాజని ఒక రాజు ఊర్ల తీపంతా తన ఖజానల దాచుకుంటడు. ఆయన ఒక్కో లడ్డు తింటుంటే ఊర్ల బెల్లం చప్పగైతది, చెరుకు చప్పగైతది. ఆఖరికి ఒక చిన్నపిల్ల ఆయనను సింహాసనం మీదికెల్లి దించుతది."

"రాజుకు కిరీటం ఉంటదా?"

"ఉంటది సార్."

"అయితే నేనే చేస్త. రాజంటే ముఖంల కళ ఉండాలె గదా!"

అంటూనే మా అటెండరు సోమమ్మ డబ్బాలోంచి నువ్వుల ఉండ తీసి నోట్లో వేసుకున్నారు. అది ఆమె మనవరాలి కోసం దాచుకున్నది. భూమిక ఆ వేళ్ల వైపు, ఆ బుగ్గల వైపు చూస్తూ ఉండిపోయింది. బొజ్జరాజు దొరికాడని ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది. సంతకం పడింది. గురువారం నుంచి ఆదివారం సాయంత్రం ఆరు గంటల వరకు అనుమతి.

షూటింగులో ఆయన చేసిన ఆగడం అంతా ఇంతా కాదు. భూమిక తోటి పిల్లలు చేసిన అట్టముక్కల సింహాసనం వద్దని, అలవాటైనదంటూ ఆఫీసులోని తన తిరుగుడు కుర్చీని తెప్పించారు. కెమెరా పట్టే దిలీప్ దానికి బంగారు కాగితం అంటించాడు. "ఉత్తుత్తి లడ్డు నోట్లె పెట్టుకుంటే ఎక్స్‌ప్రెషన్ రాదు" అని అసలు లడ్డూలే కావాలన్నారు, అదీ హబ్సిగూడ మిఠాయి కొట్టు నుంచి. పిల్లలంతా ఉప్మాతో సరిపెట్టుకున్నారు. కథలోని చిన్నపిల్ల వేషం సోమమ్మ మనవరాలు నిరోషది. ఎండలో కెమెరా వదిలి రాలేని దిలీప్‌కు ఆ పిల్లే నీళ్లు మోసుకెళ్లేది. రాజుగారేమో నీళ్ల సీసాను కుర్చీ కింద దాచుకునేవారు.

ఆదివారం ఐదు గంటలకు ఆఖరి సీను మిగిలింది. నిరోష వచ్చి రాజును దించాలి.

"నేను దిగ" అన్నారు రత్నాకర్ గారు.

"ఏమైంది సార్?"

"విద్యానగర్ల మా జ్యోతిష్యం సారును అడిగిన. నా ప్రమోషన్ ఫైలు నడుస్తున్నది. సినిమల కుర్చీ దిగితే ఆఫీసుల దిగినట్టేనట. గీ కుర్చీ సుత ఆఫీసుదే నాయె. కథ మార్చు. గా పిల్లనే నాకు దండం పెట్టి లడ్డు ఇచ్చి పోతది."

"రాజు దిగకుంటే కథే లేదు సార్."

"దిగినోడు రాజెట్లయితడు?"

భూమిక రెండు చేతులూ జోడించింది. "ఒక్క నిమిషం సార్. రేపు పొద్దుగాల ఇయ్యాలె. మా నాయిన..."

"మీ నాయినను రమ్మను, ఆయనకు చెప్త. ఏడుపు ముఖం పెట్టకు, షూటింగుకు మంచిది కాదు" అని, కిరీటంతో సహా మిర్చి బజ్జీల కోసం గేటు వైపు నడిచారు.

భూమిక మెట్ల మీద కూలబడింది. సోమమ్మ టీ తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల తాగేదాకా గ్లాసు కింద తన చేయి పెట్టే ఉంచింది.

"ఆయనొస్తే ఒక్కసారి అడుగుదం, అందాక లైటు చూసి పెడ్త" అన్నాడు దిలీప్. నటుడు లేనప్పుడు ఆ చోట ఇంకొకరిని కూర్చోబెట్టి వెలుతురు సరిచూసుకోవడం వాళ్ల పని పద్ధతి. నిరోషను కుర్చీలో కూర్చోబెట్టి కెమెరా నడిపాడు. కాళ్లు నేలకందక ఆ పిల్ల ఊపుకుంటూ కూర్చుంది.

అప్పుడే రత్నాకర్ గారు బజ్జీల పొట్లంతో వచ్చారు.

"ఏయ్, దిగు! గది నా కుర్చీ!"

"లైటు చూస్తున్నరు తాతా. జర ఆగు."

"ఎవర్నే తాతంటున్నవ్?"

కుర్చీ పట్టుకుని లాగారు. అది గిర్రున తిరిగింది. నిరోష కిలకిలా నవ్వింది. మళ్లీ లాగారు, మళ్లీ తిరిగింది. బజ్జీలు మెట్ల మీద దొర్లాయి, వాటి వెనకే కిరీటం దొర్లింది. అంతే, ఆ మహారాజు నేల మీద చతికిలబడి కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టారు. "నా కుర్చీ! నా బజ్జీలు! సోమమ్మా, నీ పిల్లను దించు!" అని మఖ్మల్ అంగీతో ముక్కు తుడుచుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చారు. నవ్వకూడదని నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టాను, సగంలోనే నవ్వొచ్చేసింది.

దిలీప్ భూమిక వైపు చూశాడు. భూమిక పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఎవరూ కట్ చెప్పలేదు.

నిరోష కుర్చీ దిగింది. ఆ పిల్లకు నవ్వు పోయి జాలి వచ్చినట్టుంది. షూటింగులో మిగిలితే దాచుకున్న లడ్డూను గౌను జేబులోంచి తీసి రెండు ముక్కలు చేసింది. "ఏడ్వకు. ఇంద" అంది. ఆయన ఏడుపు ఆపి రెండు ముక్కలనూ పోల్చి చూశారు. పెద్దది తీసుకున్నారు. తర్వాత రెండోది కూడా తీసుకున్నారు. పిల్ల ఖాళీ చేతిని గౌనుకు తుడుచుకుని, ఆయన బుగ్గ నిమిరింది. భూమిక రాసుకున్న కథలో ఇది లేదు.

"కట్" అంది భూమిక. టైము ఆరుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

"ఏంది, తీసిండ్రా?" రత్నాకర్ గారు ఉలిక్కిపడ్డారు. "తీసెయ్! నా ప్రమోషనేం గావాలె?"

"మీరు కుర్చీ దిగలే గద సార్. అసలు కుర్చీల కూసోనే లేదు. దిగింది నిరోష" అంది భూమిక.

ఆయన కుర్చీ వైపు, నిరోష వైపు మార్చి మార్చి చూశారు.

"అవ్ గదా," అన్నారు చివరికి. "మరి నా ఏడుపు?"

"అట్ల చేసినోళ్లను నేనింతవరకు చూడలే సార్."

ఇందులో అబద్ధం ఎక్కడుందో నేను వెతికాను. దొరకలేదు.

"గ్లిజరిన్ లేకుండ చేసిన," అన్నారాయన, మూతికంటిన లడ్డూ పొడి నాకుతూ. "రాసుకో."

భూమిక రాత్రంతా కూర్చుని, తీసిన ముక్కలన్నీ కలిపి సినిమా కుట్టి, సోమవారం పొద్దున అప్పజెప్పింది. నెల తర్వాత పాసైన కబురు వచ్చింది. క్యాంపస్ హాల్లో సినిమా వేసిన రోజు వాళ్ల నాన్న ఖాకీ చొక్కాతోనే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. తెర మీద బొజ్జరాజు రెండో ముక్క కూడా లాక్కోగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "థూ! థూ!" అని అరిచారు.

రత్నాకర్ గారు లేచి నిలబడి, చేతులు జోడించి, నాలుగు వైపులా నమస్కారం పెట్టారు.