చల్లని రాగి

నా చేతులు ఇప్పటికీ లోహాన్ని నేరుగా తాకవు. ఇత్తడి చెంబు అందుకునే ముందు కూడా ఒక్క క్షణం ఆగుతాను. ముసలాయనకు చాదస్తమని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, పటాలంలో రాడార్ మెకానిక్ ఉద్యోగం వదిలేసి నంద్యాలలో రేడియో రిపేరు అంగడి పెట్టుకున్నాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చి దగ్గర్లోని బడిలో సైన్సు చెప్పే ఒక అయ్యవారు నాకు తోడయ్యాడు. ఆదివారం చర్చి ముగియగానే వచ్చి, చెప్పులు గడప బయట విడిచి నా బల్ల ముందు కూర్చునేవాడు. ప్రశ్నలతో ప్రాణం తోడేసేవాడు. అంత ఇష్టమైన మనిషి నాకు మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నాలు గడప బయట చెప్పులు విడిచిన చప్పుడు వినిపిస్తుంది. ఎవరూ ఉండరని తెలిసీ లేచి వెళ్లి చూస్తాను.

మద్రాసులో యుద్ధం నాటి పాత సామాన్లమ్మే చోట నేను కొన్న మైక్రోవేవ్ గొట్టం మా ఇద్దరికీ పిచ్చి పట్టించింది. అందులో ఎలక్ట్రాన్లు దూసుకొచ్చి, తమ శక్తిలో కొంతే తరంగాలకిచ్చి, మిగిలిందంతా చివరన వాటిని పట్టే రాగి కలెక్టర్‌కు గుద్దుకుని వేడిగా తగలేస్తాయి. ఆ మిగిలిందాన్ని వెనక్కి రాబట్టలేమా అన్నది వాడి ప్రశ్న. సైకిలు మీద జోరుగా వచ్చి ఇంటి ముందు బ్రేకు వేస్తే, ఆ జోరు రబ్బరు కాలడానికే సరి. వాకిలి కాస్త ఎత్తులో ఉంటే, ఎక్కేసరికి సైకిలు తనంతట తనే నెమ్మదిస్తుంది. కలెక్టర్‌ను గొట్టం ఒంటి నుంచి విడదీసి, ఒంటికంటే తక్కువ వోల్టేజిలో ఉంచితే ఎలక్ట్రాన్లూ అలాగే నెమ్మదించి చేరతాయి. వేడి తగ్గుతుంది, కరెంటూ మిగులుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒంటికి కలిపి ఉన్నంతకాలం కలెక్టర్ భూమితో సమానం, ఎవరు తాకినా షాకు కొట్టదు. పటాలంలో మేం రోజూ చేత్తో తాకే వేడి చూసేవాళ్లం. విడదీశాక దాని మీద వందల వోల్టులుంటాయి. అది నాకు తెలుసు. విడదీసింది నేనే.

ఆ ఆదివారం ఎండ మండిపోతోంది. చల్లదనానికని అంగట్లో నాపరాతి బండల మీద నేనే నీళ్లు చల్లాను. మీట వేశాం. ఎప్పుడూ పది నిమిషాల్లో కరిగిపోయే మైనం ముక్క అరగంటైనా రాగి మీద అలాగే ఉంది.

"కరగల్యా! చూడన్నా, కరగల్యా!" అని వాడు ఎగిరి గంతేశాడు. సంతోషంతో నాకు ఒళ్లు తెలియలేదు.

"చెయ్యి పెట్టి చూడప్పా, ఎంత సల్లగుందో" అన్నాను.

పాత అలవాటు. మాట నోరు దాటాకే బుర్రకు తట్టింది. పిల్లవాడి జ్వరం చూసినట్టు వాడు అరచెయ్యి మొత్తం ఆనించాడు. తడి బండల మీద వట్టి కాళ్లు. నేను మీట అందుకునేసరికే అంతా అయిపోయింది.

ఆళ్లగడ్డలో సమాధి దగ్గర నుంచి అందరూ వెళ్లిపోయాక వాళ్ల నాయన నన్ను పక్కకు పిలిచాడు. సేద్యం చేసే మనిషి.

"అంత సదువుకున్నోడు దాన్నెట్ల పట్టుకున్యాడప్పా? వానికి తెలీదా?"

నిజం గొంతు దాకా వచ్చింది. నేను పిరికివాణ్ణి. "పొరపాటున తగిల్నాడు పెద్దాయనా" అన్నాను.

ఆయన చాలాసేపు తల ఊపాడు. "చిన్నప్పట్నుంచి అంతే. దేన్నైనా ముట్టుకోందే ఉండడు" అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నాకు రెండు చేతులూ జోడించాడు.

"నీ అంగట్లో ఇట్ల చేసి నీకు చెడ్డపేరు తెచ్చినాడు. మావాని మీద మనసులో ఏం పెట్టుకోవద్దప్పా."

"పర్వాలేదు పెద్దాయనా" అన్నాను.