అర లైను తేడా

మా టైపు మాస్టారు పోయిన గురువారం కన్నుమూశారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఆఫీసులో ఉన్నాను. కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

తిరువొత్తియూరు స్టేషన్ దగ్గర ఒక మేడమీద ఉండేది ఆయన ఇన్‌స్టిట్యూట్. తరతరాలుగా మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. తప్పుల చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుడుతూ తమిళంలో తిట్టేవారు, తెలుగులో బుజ్జగించేవారు.

ఇచ్చిన టైములో పేజీ పూర్తిచెయ్యలేక టైపు హయ్యర్ పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. ఆ సర్టిఫికెట్ లేకుంటే టైపిస్టు ఉద్యోగం రాదు. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. అందుకని మొండిపట్టు పట్టి పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు కొట్టేదాన్ని. కొట్టడమంటే కొట్టడమే. నా కాగితాన్ని వెలుతురులో పెడితే ఇంగ్లీషు ‘ఓ’ ఉన్నచోటల్లా చిల్లులే. మణికట్టు వాచిపోయింది.

ఒకరోజు ఆయన నా సాయంత్రం గంటలు వేరే అమ్మాయికి ఇచ్చేశారు. నాకు ఒళ్లు మండింది. “పరీక్ష మీరు రాస్తారా సార్?” అనేశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన కోప్పడలేదు. “ఈడ కూచోమ్మా. ఈ పేజీనే రెండుతూర్లు కొట్టు. ఒకతూరి నీ ఇష్టమొచ్చినట్టు ఉరుకు. ఇంకోతూరి నాతో మాట్లాడతా ఉండేట్టు కొట్టు.”

రెండుసార్లూ గడియారం చూసి ఒకే టైమిచ్చి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. నిదానంగా కొట్టింది అర లైను తక్కువ, అంతే. ఉరికి కొట్టినదాంట్లో పదకొండు ఎర్ర సున్నాలు, రెండోదాంట్లో మూడు.

“చూసినావా? ఈ అర లైను కోసరమా చెయ్యి పాడుచేసుకునేది? అది మెల్లగా అదే వస్తాది, వదిలిపెట్టు.”

నేను వెంటనే నమ్మలేదు. రోజుకి గంటే కొట్టి, మిగతా పొద్దంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుండేది. నెల తిరిగేసరికి వాపు తగ్గింది. పేజీ టైముకి పూర్తవడం మొదలైంది. ఆ ఏడు పాసయ్యాను. ఇన్నేళ్ల ఉద్యోగం తర్వాత కూడా నా చేతులు బాగున్నాయంటే ఆయన చలవే.

పరీక్షకి ఎవరి టైపు మిషన్లు వాళ్లే సెంటరుకి తీసుకెళ్లాలి. మా మిషన్లతో వ్యాన్‌లో ఆయనే వచ్చారు. పరీక్ష అయ్యాక తక్కిన మాస్టార్లందరూ “పూర్తయిందా?” అని పిల్లల్ని చుట్టుముట్టారు. ఈయన నా మణికట్టు పట్టుకుని బొటనవేలితో నొక్కి చూశారు.

“నొప్పి ఉండాదా?”

“లేదు సార్.”

“అయితే సరి.”

పంచె ఎగ్గట్టి, నా మిషన్‌ను తనే ఎత్తుకుని మెట్లు దిగారు. నాలుగు మెట్లకోసారి పిట్టగోడ మీద దించి, గాలి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకున్నారు. కింద వ్యాన్ డ్రైవరు తొందరపెడుతూ హారన్ కొడుతున్నాడు. ఆయన మాత్రం తన పద్ధతిలోనే దిగుతున్నారు.